ఆఫ్రికా ఉప్పు మైదానాల్లో ఫ్లెమింగోలను చూడాలంటే ప్రయాణం ఎలా వేసుకోవాలి?

ఫ్లెమింగోల కోసం ఆఫ్రికా వెళ్దామనుకునేవాళ్ళలో చాలామంది ముందు ఆఫీసులో సెలవు పెడతారు, తర్వాత టికెట్లు కొంటారు, ఆఖరున పక్షులు ఎక్కడున్నాయో వెతుకుతారు. బోట్స్వానాలోని మకాడికాడి ఉప్పు మైదానాల దగ్గర ఈ వరస పనిచేయదు. అక్కడ తేదీలు పెట్టేది నీళ్ళు. వానలు బాగా పడి నాటా నది పారి, అది కలిసే సువా పాన్‌లో (పాన్ అంటే ఉప్పు పేరుకున్న పల్లపు నేల) నీళ్ళు నిలిస్తే వేలల్లో ఫ్లెమింగోలు దిగుతాయి. మంచి ఏడాదైతే లక్ష కూడా దాటుతాయి. నది పారకపోతే కనుచూపు మేరా తెల్లటి ఉప్పు పొరే. అందుకే ఈ ప్రయాణాన్ని నీళ్ళ దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి.

1. ముందు చోటు గురించి తెలుసుకోండి

ఒకప్పుడు మహా సరస్సు ఉండి ఎండిపోయిన చోటు మకాడికాడి. ఇప్పుడక్కడ పెద్దవి రెండు పాన్‌లు మిగిలాయి. పడమర ఉన్నది ఎన్ట్వేట్వే, తూర్పున ఉన్నది సువా. ఫ్లెమింగోల కోసమైతే సువాకే వెళ్ళాలి. జింబాబ్వేలో పుట్టిన నాటా నది వచ్చి కలిసేది దాని ఈశాన్య కొసలో. అక్కడే నాటా పక్షి సంరక్షణ కేంద్రం ఉంది. నాటా, మఫోసా, సెపాకో, మాంక్సోటే అనే నాలుగు ఊళ్ళవాళ్ళు కలిసి దాన్ని నడుపుతున్నారు. తమ పశువుల మేత భూమిని వదులుకుని పక్షులకిచ్చారు. గేటు దగ్గర మీరు కట్టే రుసుము వాళ్ళకే చేరుతుంది కాబట్టి ఆ డబ్బు విషయంలో బేరం ఆలోచన పెట్టుకోకండి.

పక్షులు ఇంత దూరం ఎందుకొస్తాయంటే, ఎండిన మట్టిలో రొయ్యజాతి చిన్న జీవుల గుడ్లు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి చావకుండా ఉంటాయి. నీళ్ళు తగలగానే పొదుగుతాయి. వాటితోపాటు ఉప్పు, సోడా కలిసిన నీళ్ళలో నీలి ఆకుపచ్చ నాచు పెరుగుతుంది. లోతు మోకాలి లోపే. చుట్టూ బురద, కాబట్టి నక్కలు, హైనాలు తేలిగ్గా రాలేవు. తిండి, భద్రత రెండూ ఒక్కచోట దొరికే కాలం ఏడాదిలో కొన్ని నెలలే.

2. నెల ఎంచుకోండి, తేదీ మాత్రం కాదు

వానలు మామూలుగా నవంబర్‌లో మొదలై మార్చి దాకా పడతాయి. నది పారడం మొదలయ్యాక పక్షులు రావడం మొదలవుతుంది. జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. వానలు దండిగా పడిన ఏడాది జూన్ వరకూ, ఆ తర్వాత కూడా కొన్ని ఉంటాయి. నా సలహా మార్చి. అప్పటికి ఆ ఏడాది సంగతి తేలిపోతుంది, దారులు కూడా ఫిబ్రవరిలో ఉన్నంత బురదగా ఉండవు.

ఒక విషయం ముందే తేల్చుకోవాలి. సువా పాన్ నైరుతి వైపున బావోబాబ్ చెట్లతో ఉన్న కుబు అనే రాతి దిబ్బ ఫొటోలు చూసి, ఫ్లెమింగోలతోపాటు అదీ చూసొద్దామనుకుంటారు. కుబుకు దారి వానలు లేని పొడి నెలల్లోనే. ఫ్లెమింగోలకు నీళ్ళు కావాలి, కుబుకు ఎండిన నేల కావాలి. రెంటికీ ఒకే ప్రయాణం కుదరడం అరుదు, ఏదో ఒకటి ఎంచుకోండి.

3. ఇంట్లో కూర్చునే నీళ్ళను గమనించండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. చేసేవాళ్ళు మాత్రం చాలా తక్కువ.

యూరప్ వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు తీసే చిత్రాలను కోపర్నికస్ బ్రౌజర్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. నాటా ఊరిని వెతికి అక్కడినుంచి నైరుతికి జరగండి. ఎండిన పాన్ కళ్ళు మిరుమిట్లు గొలిపే తెలుపులో ఉంటుంది. నీళ్ళున్న చోట ముదురు నీలంగానో, ఆకుపచ్చగానో, బురద రంగులోనో కనిపిస్తుంది. డిసెంబర్ నుంచి వారానికోసారి చూస్తూ, అదే స్థలం చిత్రాన్ని పక్కపక్కన పెట్టుకోండి. నది నోటి దగ్గర మరక మొదలై దక్షిణానికి పాకుతోందంటే ఆ ఏడాది ఆశ ఉన్నట్టే. మబ్బులున్న రోజు చిత్రం పనికిరాదు, తర్వాతి దానికోసం ఆగాలి.

వాన విషయంలో నాటా ఊళ్ళో పడిందా అన్నది కాకుండా, నది పుట్టే పశ్చిమ జింబాబ్వేలో, అంటే బులవాయో వైపు, ఎలా పడుతోందో చూడండి. పాన్‌ను నింపేది ఎక్కువగా ఆ వానే.

రెండోది ఈబర్డ్, పక్షులను చూసినవాళ్ళు తాము చూసినవి నమోదు చేసే సైటు. నాటా పక్షి కేంద్రం పేజీ తెరిస్తే ఎవరు ఎప్పుడు ఏం చూశారో ఉంటుంది. ఈ ఏడాది నమోదైనవి చూడండి, నిరుటివి కాదు. మూడోది నేరుగా అడగడం. నాటా దగ్గర ఉండబోయే లాడ్జికి మెసేజ్ పెట్టి మూడు ప్రశ్నలు అడగండి: నీళ్ళు గట్టు నుంచి ఎంత దూరంలో ఉన్నాయి? పక్షులు బైనాక్యులర్‌కు అందే దూరంలో ఉన్నాయా? కేంద్రం లోపలి దారి తెరిచి ఉందా? “ఫ్లెమింగోలు ఉన్నాయా?” అని మాత్రమే అడిగితే ఉన్నాయనే చెప్తారు, అది నిజం కూడా అయి ఉంటుంది. కానీ నాలుగు కిలోమీటర్ల అవతల గులాబీ గీతలా ఉన్నా ఉన్నట్టే కదా.

4. పులికాట్‌లో ఒకరోజు సాధన చేయండి

తెలుగువాళ్ళకు ఈ విషయంలో మంచి వీలుంది. చలికాలంలో సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది, రెండు పక్కలా పెద్ద ఫ్లెమింగోలు మేస్తుంటాయి. తెల్లవారే సరికి అక్కడ ఉండండి. దూరాన్ని కంటితో అంచనా వేయడం, ఎండ ఎక్కాక గాలి కదిలి పక్షి ఆకారం ఎలా చెదిరిపోతుందో గమనించడం, ఎంత దగ్గరికి వెళ్తే మంద కదులుతుందో తెలుసుకోవడం అక్కడే వచ్చేస్తాయి. తలుపు తీసిన చప్పుడుకే అవి జరిగిపోవడం ఒకసారి చూస్తే సువాలో ఎలా నడుచుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

5. టికెట్లు, కాగితాలు, టీకాలు

హైదరాబాద్ నుంచి బోట్స్వానాకు నేరుగా విమానం లేదు. గల్ఫ్ నగరాల మీదుగానో, ఇథియోపియాలోని అడిస్ అబాబా మీదుగానో జోహన్నెస్‌బర్గ్ చేరి, అక్కడినుంచి మావున్‌కో కసానేకో చిన్న విమానం పట్టుకోవాలి. రెండూ నాటాకు సుమారు 300 కిలోమీటర్లు. రోడ్డు మీదుగా వస్తే దగ్గరి పట్టణం ఫ్రాన్సిస్‌టౌన్, దాదాపు 190 కిలోమీటర్లు. తేదీ మార్చుకునే వీలున్న టికెట్‌కు కాస్త ఎక్కువైనా పెట్టండి. ఈ ప్రయాణంలో ఇంతకన్నా సార్థకమైన ఖర్చు మరొకటి లేదు.

బోట్స్వానా వీసా నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరే ముందు వాళ్ళ ప్రభుత్వ సైటులోనే సరిచూసుకోండి. జోహన్నెస్‌బర్గ్ విమానాశ్రయం దాటి బయట రాత్రి ఉండేట్టయితే దక్షిణాఫ్రికా వీసా కూడా కావాలి. పిల్లలు వెంట ఉంటే తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న పుట్టిన తేదీ పత్రం తప్పనిసరి.

ఎల్లో ఫీవర్ సంగతి నిర్లక్ష్యం చేయకండి. బోట్స్వానాలో ఆ జ్వరం లేదు. కానీ ఇథియోపియా, కెన్యా లాంటి దేశాల మీదుగా వెళ్ళొచ్చేవాళ్ళు అక్కడ విమానాశ్రయం దాటి బయటికి వెళ్ళి ఉంటే, తిరిగి వచ్చినప్పుడు మన దేశంలోనే టీకా కార్డు అడుగుతారు. లేకపోతే క్వారంటైన్‌లో ఉంచే అధికారం వాళ్ళకుంది. వేయించుకున్న 10 రోజులకు గానీ ఆ కార్డు చెల్లదు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఈ టీకా వేస్తారు. మలేరియా మాటకొస్తే, ఫ్లెమింగోల కాలమే ఉత్తర బోట్స్వానాలో దోమల కాలం. నివారణ మాత్రల గురించి డాక్టర్‌ను ముందే అడగండి.

6. దారి, బస

బోట్స్వానాలోనూ మనలాగే ఎడమవైపు నడపాలి, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్ళండి. చీకటి పడ్డాక బండి తీయకండి. గాడిదలు, పశువులు, నాటా నుంచి కసానే దారిలో ఏనుగులు కూడా రోడ్డు మీదే నిలబడతాయి. ఫ్రాన్సిస్‌టౌన్ నుంచి వచ్చేటప్పుడు డుక్వి దగ్గర పశువుల వ్యాధి నియంత్రణ గేటు ఉంటుంది. పచ్చి మాంసం గురించి అడుగుతారు, చెప్పులు, బూట్లు మందు నీళ్ళలో ముంచమనొచ్చు. దిగి చెప్పినట్టు చేస్తే రెండు నిమిషాల పని. ముందు, ఎదుటివాళ్ళు మగవాళ్ళయితే “దుమేలా రా” అని, ఆడవాళ్ళయితే “దుమేలా మ్మా” అని పలకరించండి, మన నమస్కారం లాంటిదే. పలకరింపు లేకుండా పని మాట ఎత్తడం అక్కడ మర్యాద కాదు.

నాటా చిన్న ఊరు. సరుకులు, ముఖ్యంగా శాకాహారులకు కావలసినవి, ఫ్రాన్సిస్‌టౌన్‌లోనో మావున్‌లోనో కొనుక్కోండి. కనీసం మూడు రాత్రులు ఉండేలా చూసుకోండి. ఒక పొద్దున మబ్బు పట్టినా, గాలి వీచినా ఇంకో పొద్దున మిగులుతుంది.

ఇక పాన్ మీద బండి నడపడం. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని దిగకండి. పైన గట్టిగా కనిపించే తెల్లటి పొర అప్పడంలా విరిగి, కింద ఉన్న బూడిదరంగు జిగట బురదలో చక్రం ఇరుసు దాకా కూరుకుపోతుంది. లాగడానికి వచ్చిన రెండో బండీ అక్కడే దిగబడుతుంది. పాత చక్రాల గాట్లున్న దారి వదలొద్దు. నీళ్ళెక్కువగా ఉన్న నెలల్లో కేంద్రంవాళ్ళ బండిలోనో లాడ్జి బండిలోనో వెళ్ళడమే మేలు. నడిపేవాళ్ళు అక్కడివాళ్ళే, నిన్న ఏ వైపు దిగబడిందో వాళ్ళకు తెలుసు.

7. గట్టు మీద

సూర్యుడు రాకముందే చేరుకోండి. నాటా కేంద్రం పాన్‌కు ఈశాన్య గట్టున ఉంది కాబట్టి నీళ్ళు మీకు పడమరగా ఉంటాయి, ఉదయపు వెలుతురు మీ వీపు మీదుగా పక్షుల మీద పడుతుంది. రంగు సరిగ్గా తెలిసేది అప్పుడే. ఎనిమిదిన్నర, తొమ్మిది దాటితే వేడికి గాలి ఊగి, ఎంత మంచి లెన్స్ ఉన్నా కాళ్ళు నీళ్ళలో కరిగిపోయినట్టే కనిపిస్తుంది. సాయంత్రం ఎదురెండ. ఫొటోకు నల్లటి నీడలు బాగుంటాయి కానీ పక్షిని గుర్తుపట్టడం కష్టం.

8×42 బైనాక్యులర్ చాలు. వీలైతే ట్రైపాడ్ మీద పెట్టే స్పాటింగ్ స్కోప్ (చిన్న దూరదర్శిని) అద్దెకో, అరువుకో సంపాదించండి. ఇంత విశాలమైన చోట దానికి సాటి లేదు. తెల్లటి నేల మీంచి ఎండ తిరిగి మొహానికి కొడుతుంది కాబట్టి టోపీ ఒక్కటే సరిపోదు, చల్లద్దాలు, సన్‌స్క్రీన్ కావాలి. మనిషికి రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్ళు బండిలో ఉంచండి.

అక్కడ పెద్ద, చిన్న అని రెండు రకాల ఫ్లెమింగోలూ కలిసి ఉంటాయి. పెద్ద ఫ్లెమింగో నాలుగు నుంచి దాదాపు ఐదు అడుగుల ఎత్తు, ఒళ్ళు తెలుపులో కొద్దిగా గులాబీ, ముక్కు లేత గులాబీ, కొస మాత్రం నలుపు. చిన్న ఫ్లెమింగో మూడడుగులు దాటదు, రంగు ముదురు, ముక్కు దూరానికి నల్లగా కనిపించే ముదురు ఎరుపు. ఎత్తు, రంగు రెండూ మోసం చేయొచ్చు. మేత తీరు మాత్రం మోసం చేయదు. స్కోప్‌ను ఒక్క పక్షి మీద నిలిపి చూడండి. చిన్నది మెడ వంచి ముక్కును తలకిందులుగా నీటి పైపొరలో ఉంచి, నడుస్తూ అటూ ఇటూ ఊపుతుంది. నాలుక ఒత్తిడితో నీళ్ళు లోపలికీ బయటికీ పోతుంటే ముక్కు అంచున ఉన్న సన్నటి పళ్ళ వరస నాచును పట్టేస్తుంది. పెద్దది తల మొత్తం ముంచి అడుగున వెతుకుతుంది. ఒక్కోసారి ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ కాళ్ళతో బురద తొక్కి, పైకి లేచిన పురుగుల్ని, రొయ్యల్ని తింటుంది. ఈ తేడా పట్టుకున్నాక మందలో ఏవి ఎక్కువున్నాయో ఎవరినీ అడక్కుండానే తెలుస్తుంది.

ఫ్లెమింగోలతోనే ఆగిపోకండి. గూడకొంగలు, అవొసెట్‌లు, గట్టు అంచున పరుగెత్తే గోధుమపట్టీ ఉల్లంకి, గడ్డిలో బోట్స్వానా జాతీయ పక్షి కోరి బస్టర్డ్ కూడా అక్కడివే.

8. ఎంత దూరంలో ఆగాలి

చిన్న ఫ్లెమింగో క్రమంగా గూడు పెట్టే చోట్లు ప్రపంచంలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. టాంజానియాలో నేట్రాన్, నమీబియాలో ఎటోషా, మన గుజరాత్‌లో కచ్ రాన్, వాటితోపాటు సువా. బురదతో కట్టిన దిబ్బ మీద ఒకే ఒక్క గుడ్డు. పొదగడానికి సుమారు 28 రోజులు, పిల్లకు ఎగరడం రావడానికి రెండు నెలలకు పైగా. అన్ని రోజులూ నీళ్ళు నిలవాలి, ఎవరూ బెదరగొట్టకూడదు. తక్కువ ఎత్తులో విమానం ఎగిరినా, క్వాడ్ బైక్‌లు వచ్చినా వేల పక్షులు ఒక్కసారిగా గూళ్ళు వదిలేసి పోతాయి, ఆ ఏడాది పిల్లలు ఉండవు. అందుకే సువాలో దక్షిణాన గూళ్ళు పెట్టే ప్రాంతాన్ని ప్రత్యేకంగా కాపాడుతున్నారు. అక్కడికి తీసుకెళ్తామని ఎవరన్నా, ఎంత తక్కువకన్నా వద్దనండి. డ్రోన్ ఇంట్లో వదిలి వెళ్ళండి.

మేస్తున్న మంద దగ్గర గుర్తు సులువు. తలలన్నీ లేచి మెడలు నిలువుగా అయ్యాయంటే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చినట్టు. అవి ఒకే దిక్కుకు నడవడం మొదలుపెట్టకముందే ఆగి, మెల్లగా వెనక్కి జరగండి. కాసేపటికి మళ్ళీ మేతకు వస్తాయి.

9. నీళ్ళు రాని ఏడాది

జనవరి చివరికీ ఉపగ్రహ చిత్రంలో తెలుపు తప్ప ఏమీ లేకపోతే తేదీ కాదు, చోటు మార్చండి. నమీబియా తీరంలోని వాల్విస్ బే మడుగుకు సముద్రపు పోటుతో నీళ్ళొస్తాయి కాబట్టి అక్కడ దాదాపు ఏడాది పొడవునా రెండు రకాల ఫ్లెమింగోలూ ఉంటాయి. ఊరి రోడ్డు పక్కనుంచే, పోటు ఎక్కేటప్పుడు ఇంకా దగ్గరగా, చూడొచ్చు. వీసా వేరే తీసుకోవాలి కనుక నమీబియా నిబంధనలు కూడా డిసెంబర్‌లోనే చూసి పెట్టుకోండి.