అలెక్సా కథల ఆట మధ్యలో ఆగిపోతోందా? సమస్యలు - పరిష్కారాలు

అలెక్సా పలికే అమెజాన్ ఎకో స్పీకర్‌లో మనం చెప్పే మాటను బట్టి మలుపు తిరిగే కథల ఆటలు చాలా ఉన్నాయి. కథ ఒకచోట ఆగి "గుహలోకి వెళ్తారా, వంతెన దాటుతారా?" అని అడుగుతుంది. మనం ఏది అంటే కథ అటు సాగుతుంది. స్క్రీన్ అక్కర్లేదు. చదవడం ఇంకా రాని పిల్లలూ, చూపు ఆనని పెద్దవాళ్లూ కలిసి ఆడుకోవచ్చు. ఇంత మంచి కాలక్షేపాన్ని చాలా ఇళ్లలో మొదటిరోజే "దీనికి మన ఇంగ్లీషు అర్థం కాదులే" అని పక్కన పెట్టేయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఎక్కువసార్లు ఇబ్బంది మన ఇంగ్లీషుతో రాదు, మనం ఎప్పుడు మాట్లాడామన్న దగ్గరే వస్తుంది.

సమస్య: జవాబు చెప్పినా పట్టించుకోదు. అడిగిందే మళ్లీ అడిగి, చివరికి ఆట మూసేస్తుంది

కథ వినిపిస్తున్నంతసేపూ స్పీకర్ "అలెక్సా" అన్న పిలుపు కోసం మాత్రమే చెవి ఒగ్గి ఉంటుంది. మన జవాబు వినేది ప్రశ్న పూర్తయి, నీలం లైటు వెలిగాకే. పిల్లలు అంతసేపు ఆగలేరు. ప్రశ్నలో "కేవ్" అన్న మాట వినపడగానే "కేవ్! కేవ్!" అని అరిచేస్తారు. ఆ అరుపు ఆటకు చేరదు. తీరా లైటు వెలిగేసరికి, చెప్పేశాం కదా అని నోరు మూసుకుని చూస్తుంటారు. ఆట సుమారు 8 సెకన్లు ఎదురుచూసి ప్రశ్న మళ్లీ అడుగుతుంది. ఇంకో 8 సెకన్లు ఎవరూ పలకకపోతే ముగించేస్తుంది.

అందుకని స్పీకర్‌ను టీవీ వెనకో అలమరా పైనో కాకుండా లైటు అందరికీ కనిపించేచోట పెట్టండి. "నీలం లైటు వచ్చాకే చెప్పాలి" అన్నది పిల్లలకు ఆట నియమంగానే నేర్పండి, రెండు మూడు మలుపుల్లో అలవాటైపోతుంది. లైటు వెలిగి ఉన్నప్పుడు "అలెక్సా" అని పిలవక్కర్లేదు, జవాబు ఒక్కటే చాలు. కథ నడుస్తుండగా ఆపాలంటే మాత్రం పిలిచే తీరాలి.

ఆలోచించుకోవడానికి 8 సెకన్లు చాలడం లేదా? ఆ గడువును మనం పెంచలేం. కానీ చాలా ఆటల్లో "రిపీట్" అంటే ప్రశ్న మళ్లీ వినిపిస్తుంది. అది పూర్తయ్యేలోపు ఇంట్లోవాళ్లు చర్చించుకోవచ్చు. "స్టాప్" అని మాత్రం అనకండి, దానికి ఆట ఆపేయమనే అర్థం.

సమస్య: ఒకటి చెబితే ఇంకొకటి చేస్తుంది

ఇక్కడ ఊహించుకుంటూ కూర్చోనక్కర్లేదు. అలెక్సా యాప్‌లో వాయిస్ హిస్టరీ తెరిస్తే మీరు అన్న మాట దానికి ఎలా వినపడిందో అక్షరాల్లో కనిపిస్తుంది. మీరు "టేక్ ద ల్యాంప్" అన్నారు, అక్కడ ఇంకేదో ఉంది అంటే వినడంలో తేడా. అక్కడ సరిగ్గానే ఉండి కథ మాత్రం తప్పుదారి పట్టిందంటే, ఆ మాట ఆట తయారుచేసినవాళ్లు రాసిపెట్టుకున్న జవాబుల్లో లేదన్నమాట. రెంటికీ మందు వేరు.

వినడంలో తేడా అయితే ముందు ఫ్యాను, టీవీ, వంటింట్లో మిక్సీ సంగతి చూడండి. స్పీకర్ గోడకు ఆనుకుని ఉంటే కనీసం 8 అంగుళాలు ముందుకు జరపండి. తర్వాత యాప్‌లో ఆ స్పీకర్ భాష ఏముందో చూడండి. అమెరికా ఇంగ్లీషు ఉంటే ఇండియా ఇంగ్లీషుకు మార్చండి, మన యాస బాగా పడుతుంది. మనకు మాట చివర అచ్చు కలిపే అలవాటుంది కదా: లెఫ్టు, కేవు, బ్రిడ్జి. ఒంటి మాటలో ఆ చివరి అచ్చు వల్లే అది వేరే పదంగా వినపడొచ్చు. "గో లెఫ్ట్" అని రెండు మాటలు కలిపి, చివర తేల్చి అంటే చాలావరకు సరిపోతుంది.

రెండో రకం అయితే జవాబు కుదించండి. "ముందు ఆ ముసలాయన్ని దారి అడిగి, తర్వాత గుహ చూద్దాం" లాంటివి పాత పద్ధతి ఆటలకు అందవు. ప్రశ్నలో వాడిన మాటనే తిరిగి చెప్పండి. 1976లో విల్ క్రౌథర్ రాసిన కంప్యూటర్ ఆట కొలోసల్ కేవ్ అడ్వెంచర్ నుంచీ ఈ ఆటల తీరు ఇదే. అప్పుడు ఒకటి రెండు మాటలు టైప్ చేసేవారు, ఇప్పుడు నోటితో చెబుతున్నాం.

సమస్య: అమెరికాలో ఉన్న మనవాళ్లు ఆడే ఆట ఇక్కడ తెరుచుకోదు

ఏయే దేశాల్లో ఏయే భాషల్లో ఇవ్వాలన్నది ఆట తయారుచేసినవాళ్లే ఎంచుకుంటారు. అక్కడ ఉన్నది ఇక్కడ లేకపోవచ్చు. అలెక్సాలో ఇలాంటి ఆటలను స్కిల్స్ అంటారు. యాప్‌లోని స్కిల్స్ విభాగంలో పేరు వెతకండి. కనిపిస్తే అక్కడ రాసి ఉన్న పేరునే, "ఓపెన్" చేర్చి, అక్షరం పొల్లు పోకుండా చెప్పండి. కనిపించకపోతే వదిలేయండి. దానికోసం ఖాతా దేశం మార్చడం నేనైతే వద్దంటాను, కొన్న పుస్తకాలు, ప్రైమ్ సభ్యత్వం అన్నీ ఆ దేశంతోనే ముడిపడి ఉంటాయి.

సమస్య: నిన్న సగం ఆడిన కథ ఇవాళ మొదటి నుంచి మొదలైంది

కథ ఎక్కడిదాకా వచ్చిందో కొన్ని ఆటలు అసలు దాచిపెట్టవు. దాచే ఆటలో కూడా ఇలా జరిగితే, ఎవరైనా స్కిల్‌ను డిసేబుల్ చేసి మళ్లీ ఎనేబుల్ చేశారేమో అడగండి. ఏ చిన్న తేడా వచ్చినా అందరూ ఇచ్చే సలహా అదే. కానీ అలా చేస్తే ఆట దృష్టిలో మీరు కొత్త మనిషి. మీ గుర్తింపు మారిపోతుంది, పాత కథతో లంకె తెగిపోతుంది. పిల్లలు చాలారోజులుగా ఆడుతున్న కథ ఉంటే ఆ పని ఆఖరి ప్రయత్నంగానే చేయండి. ముందు ఆటలోంచి బయటికొచ్చి మళ్లీ తెరవండి, స్పీకర్ ప్లగ్ తీసి పెట్టండి.

సమస్య: ఎర్ర లైటు, ఎంత పిలిచినా ఉలకదు పలకదు

మైకు బటన్ నొక్కి ఉంది. మళ్లీ నొక్కితే సరి.

సమస్య: గూగుల్ స్పీకర్‌లో పాత కథల ఆట పేరు చెబితే తెలియదంటుంది

బయటివాళ్లు తయారుచేసిన అలాంటి మాటల ఆటల సదుపాయాన్ని గూగుల్ 2023 జూన్ 13న ఆపేసింది. సెట్టింగులు మార్చి లాభం లేదు.

సమస్య: ఇవన్నీ ఇంగ్లీషులోనే. తెలుగులో ఆడేదెలా?

ఫోన్‌లో నోటితో మాట్లాడే గూగుల్ ఏఐ జెమినై లైవ్‌ను 2024 అక్టోబరులో తెలుగుతో సహా తొమ్మిది భారతీయ భాషల్లో ప్రకటించారు. కథ దాంతోనే అల్లించుకోవచ్చు. ఇక్కడ వచ్చే తిప్పలు వేరు. కథను తనే చివరిదాకా చెప్పేసుకుంటుంది, మనకు వంతు రాదు. మొదట్లోనే నియమం పెట్టాలి: "అడవిలో తప్పిపోయిన మేకపిల్ల కథ చెప్పు. నాలుగు వాక్యాలు చెప్పి ఆగు. రెండు దారులు చూపించి నన్ను అడుగు. నేను చెప్పేదాకా ముందుకెళ్లకు." కొంతసేపటికి మరిచిపోయి మళ్లీ పరుగెడితే "ఆగు, నా వంతు" అని మధ్యలోనే అనొచ్చు, లైటు కోసం చూడక్కర్లేదు.

మేకపిల్ల ఎక్కడుంది, చేతిలో ఏముంది అన్నవి కూడా జెమినై మరిచిపోతుంటుంది. అప్పుడప్పుడు "ఇప్పటిదాకా ఏం జరిగిందో రెండు ముక్కల్లో చెప్పు" అని అడిగితే గాడిలో పడుతుంది. ఇంకోటి, చిన్నపిల్లలు "అంటే... అదీ..." అని ఆగినప్పుడు జవాబు అయిపోయిందనుకుని కథ ముందుకు దూకుతుంది. అలాంటప్పుడు పిల్లలు ముందు మీకు చెప్పాలి, మీరు ఒకే ఊపులో ఫోన్‌కు చెప్పాలి.