చిన్న కుక్కతో బజారుకి వెళ్తున్నారా?
పర్లాకిమిడి బజారుకి సాయంత్రంపూట పొమరేనియన్‌ని తీసుకెళ్తే అందరూ ముద్దు చేస్తారు, అది కూడా తోక ఊపుకుంటూ ప్రతివాళ్ల దగ్గరికీ వెళ్లిపోతుంది, మనం జాగ్రత్తపడాల్సింది అక్కడే. మెడపట్టీకి కాకుండా ఛాతీకి తొడిగే హార్నెస్‌కి తాడు కట్టండి, గట్టిగా లాగితే చిన్న కుక్కల గొంతు గొట్టం దెబ్బతింటుంది. ఎవరైనా ఎత్తుకుంటామంటే మొహమాటపడకండి, "కింద కూర్చోండి, అది వాసన చూశాక నిమరండి" అని చెప్పేయండి. చెవులు వెనక్కి పెట్టి, మూతి నాక్కుంటూ ముఖం తిప్పేసుకుంటోందంటే దానికి భయమేస్తోంది, ఇక చాలు.

వీధికుక్కలు కనిపిస్తే పరిగెత్తొద్దు, అరవొద్దు. అవి దూరంగా ఉండగానే నెమ్మదిగా ఎత్తుకుని దారి మార్చేయండి, మీదకొచ్చాక ఎత్తితే మన మీదకే ఎగురుతాయి. మిమ్మల్ని గానీ దాన్ని గానీ కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టర్‌కి చూపించండి, ఇంతకుముందు రేబిస్ టీకా వేయించినా సరే.