ట్రాక్ డేలో ట్రాక్షన్ కంట్రోల్‌ని ఎలా వాడుకోవాలి?

ట్రాక్ డే అంటే మన కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజు. దానికి మొదటిసారి వచ్చినవాళ్ళలో చాలామంది హెల్మెట్ పెట్టుకోగానే ఈఎస్‌సీ (కారు జారకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్) ఆపే బటన్ కోసం వెతుకుతారు. ‘అది ఆన్‌లో ఉంటే కారు కదలదు బ్రో’ అని ఎవడో ఒకడు చెప్పే ఉంటాడు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో నేనూ అదే చేయబోయాను. పక్క సీట్లో కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ నా చెయ్యి తీయించి, డాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ చూపించాడు. “ముందు ఈ లైటు వెలగకుండా ఒక్క ల్యాప్ కొట్టండి సార్, తర్వాత ఆపుదురుగాని” అన్నాడు. 12 మలుపులు, 3.7 కిలోమీటర్లు. సాయంత్రం దాకా తిరిగినా ఆ ఒక్క ల్యాప్ నావల్ల కాలేదు.

ఆ లైటు వెనక పనిచేసేవి రెండు. యాక్సిలరేటర్ ఎక్కువై చక్రం పట్టు తప్పి గిర్రున తిరిగితే ట్రాక్షన్ కంట్రోల్ ఇంజిన్ పవర్ తగ్గిస్తుంది, లేదా ఆ చక్రానికి బ్రేక్ వేస్తుంది. స్టెబిలిటీ కంట్రోల్ మాత్రం మీరు స్టీరింగ్ ఎంత తిప్పారో, కారు నిజంగా ఎంత తిరుగుతోందో పోల్చి చూస్తుంది. కారు వెనక భాగం జారిపోతుంటే ముఖ్యంగా బయటివైపు ముందు చక్రానికి, ముక్కు తిరగకుండా నేరుగా పోతుంటే లోపలివైపు వెనక చక్రానికి బ్రేక్ వేస్తుంది.

ఇంటి దగ్గరే చేయాల్సింది

ఓనర్స్ మాన్యువల్‌లో ఆ బటన్ పేజీ చదవండి. చాలా హ్యుందాయ్ కార్లలో బటన్ ఒకసారి నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ ఒక్కటే ఆగుతుంది, మూడు సెకన్లకు పైగా నొక్కి పట్టుకుంటే రెండూ ఆగుతాయి. కొన్ని కార్లలో మీరు ఏం చేసినా పూర్తిగా ఆగదు. నాలుగు టైర్లూ ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ఈ సిస్టమ్ చక్రాల వేగాల్ని పోల్చుకుంటూ బతుకుతుంది, ఒక టైరు కొత్తది, ఒకటి బోడిది అయితే దానికి లెక్క తప్పుతుంది. బ్రేక్ ఆయిల్ పాతదైతే మార్పించండి.

మొదటి సెషన్: అన్నీ ఆన్‌లోనే

టైమ్ చూసుకోవద్దు. లైటు ఎక్కడ మిణుకుమందో ఒక్కటే గుర్తుపెట్టుకోండి. కళ్ళు మీటర్ మీద పెట్టనక్కర్లేదు, ఒంటికే తెలుస్తుంది. యాక్సిలరేటర్ తొక్కుతున్నా బండి నీరసపడిందంటే ట్రాక్షన్ కంట్రోల్. కింద ఒకవైపు గరగరమని, ఎవరో ఆ మూల పట్టి లాగినట్టు అయితే స్టెబిలిటీ కంట్రోల్.

పిట్‌కి (ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే చోటుకి) వచ్చాక ట్రాక్ మ్యాప్ మీద ఆ చోట్లు గుర్తుపెట్టండి. అసలు పాఠం ఇక్కడే ఉంది. మలుపులోంచి బయటికొస్తూ వెలిగిందా? స్టీరింగ్ ఇంకా తిరిగి ఉండగానే యాక్సిలరేటర్ తొక్కేస్తున్నారు. చేతులు ఎంత తిన్నగా అవుతుంటే పాదం అంత దిగాలి. నా తప్పు ఇదే, అదీ ఒకే ఒక్క మలుపులో పదేపదే. మలుపులోకి దిగుతూనే వెలిగితే బ్రేక్ ఆలస్యమైంది, లేదా స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పారు. మధ్యలో వెలిగితే భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు లాగేసి ఉంటారు. అలా లాగితే బరువు ముందుకు పడి వెనక టైర్లు తేలికవుతాయి. ముందు చక్రాలతో నడిచే చిన్న కారు కూడా అప్పుడు తోక తిప్పుతుంది.

ఇంకో సంగతి. సిస్టమ్ మాటిమాటికీ బ్రేకులు వేస్తుంటే ప్యాడ్లు మీకు తెలియకుండానే కాగుతాయి. మూడో ల్యాప్‌కే కాలిన వాసన వస్తే పెడల్‌ని తిట్టుకోకండి, బ్రేకులు చల్లారేలా నెమ్మదిగా ఒక కూలింగ్ ల్యాప్ వేసి పిట్‌కి రండి.

తర్వాతి మెట్టు

లైటు దాదాపు వెలగకుండా రెండు మూడు ల్యాప్‌లు వచ్చాకే స్పోర్ట్ మోడ్‌కి, లేదా ట్రాక్షన్ కంట్రోల్ మాత్రమే ఆపే సెట్టింగ్‌కి వెళ్ళండి. స్పోర్ట్ మోడ్‌లో కారు కొంచెం జారనిచ్చాకే సిస్టమ్ కలగజేసుకుంటుంది. చాలామంది ఔత్సాహికులకు ఇక్కడితో ఆగడమే మేలు, నేనూ ఇక్కడే ఉన్నాను. నాలుగు చినుకులు పడ్డాయంటే మళ్ళీ అన్నీ ఆన్.

పూర్తిగా ఆపాలనుంటే ముందు ఖాళీ మైదానం లాంటి చోట, ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని, తక్కువ వేగంలో కారు జారడం, తిప్పుకోవడం నేర్చుకోండి. గోడలకు దగ్గరగా వెళ్ళే వేగపు మలుపు అందుకు చోటు కాదు. కారు చేతిలోంచి పూర్తిగా జారిపోయి గిరగిరా తిరుగుతుంటే క్లచ్, బ్రేక్ రెండూ పూర్తిగా తొక్కేయండి.

ఇంజిన్ ఆపి స్టార్ట్ చేస్తే చాలా కార్లలో సిస్టమ్ దానంతటదే ఆన్ అవుతుంది. కాబట్టి పిట్ లేన్ దాటే ముందు ప్రతిసారీ లైటు చూసుకోండి, మీరు అనుకుంటున్న మోడ్‌లోనే కారు ఉందో లేదో.