నిత్యజీవితానికి జర్మన్ – నాలుగవ పాఠం: అంకెలు, గంటలు

గత పాఠంలో పలకరింపులనూ, ‘డూ’, ‘జీ’ అనే రెండు సంబోధనల మధ్య తేడానూ చూశాము. జర్మనీలో కొత్తగా దిగినవారికి ఆ వెంటనే అక్కరకు వచ్చేవి అంకెలే. కొత్త ఇంట్లో చేరిన రెండు వారాలలోగా చిరునామాను స్థానిక కార్యాలయంలో నమోదు చేయించుకోవాలన్నది అక్కడి చట్టం; ఆ నమోదుకైనా, డాక్టరును చూడడానికైనా చాలాచోట్ల ముందుగా సమయం తీసుకోవలసి ఉంటుంది. ఇలా ముందే ఖాయం చేసుకున్న సమయాన్ని ‘టెర్మీన్’ అంటారు. దానిని సరిగ్గా విని రాసుకోగలగడమే ఈ పాఠం లక్ష్యం.

ఒకటి నుంచి పన్నెండు వరకు రెండవ పాఠంలోనే నేర్చుకున్నాము. ఇరవై దాటాక తెలుగువారికి చిక్కు మొదలవుతుంది. మనం ముందు పదులు, తరువాత ఒకట్లు చెబుతాము. జర్మన్‌లో ఒకట్లు ముందు వస్తాయి. ఇరవై ఒకటిని ‘ఐన్ ఉంట్ ట్స్వాన్‌ట్సిష్’ అంటారు, అంటే ఒకటీ ఇరవై. సంస్కృతంలోని ఏకవింశతి, పంచవింశతి గుర్తున్నవారికి ఈ వరుస కొత్తేమీ కాదు. చిక్కంతా వింటూ రాసేటప్పుడే. ‘డ్రై ఉంట్ ఫిర్‌ట్సిష్’ అని వినగానే చెయ్యి ముందుగా 3 వేసేస్తుంది, చివరకు 43 కాస్తా 34 అవుతుంది. అందుకని మొదట విన్న అంకెకు ఎడమవైపు కొంచెం చోటు వదిలి రాయడం అలవాటు చేసుకోవాలి. ఫోన్ నంబర్లను చాలామంది రెండేసి అంకెలు కలిపి చెబుతారు కాబట్టి, అవి అందకపోతే ‘ఐన్‌ట్సెల్న్, బిట్టె’ (ఒక్కొక్కటిగా చెప్పండి) అనడానికి మొహమాటపడనవసరం లేదు.

ఉచ్చారణలో ‘ట్స్’ అని మేము రాస్తున్న ధ్వని మనకు పరాయిది కాదు. ‘చలి’, ‘చుక్క’ అనే మాటల మొదట మనం పలికే దంత్య చకారమే దానికి చాలా దగ్గర. పదమూడుకూ ముప్పైకీ తేడా మాత్రం చెవి పెట్టి వినాలి: 13 ‘డ్రైట్సేన్’, 30 ‘డ్రైసిష్’. మిగతా పదులన్నిటా ‘ట్సిష్’ ఉండగా ముప్పైలో మాత్రమే ‘సిష్’ ఉంటుంది. దక్షిణ జర్మనీలో ఈ చివరి ధ్వనిని ‘ఇక్’ అని పలకడం వింటారు. ఫోన్‌లో ‘ట్స్వై’ (రెండు), ‘డ్రై’ (మూడు) ఒకేలా వినిపించవచ్చని రెండుకు బదులు ‘ట్స్వో’ అనడం కూడా ఉంది.

ధరల విషయం చిన్నదే: దశాంశానికి కామా, వేలకు చుక్క పెడతారు. 2,50 అంటే రెండున్నర యూరోలు. అద్దె ప్రకటనలో 1.200 అని కనిపిస్తే అది పన్నెండు వందలు.

ఇక గంటలు. మనం ఏడున్నర అన్నప్పుడు గడిచిన ఏడుకు అరను కలుపుతాము. జర్మన్‌లో రాబోయే గంటను చెప్పి, అందులో సగం అయిందంటారు. కాబట్టి ‘హల్ప్ అఖ్ట్’ అంటే ఎనిమిదిన్నర కాదు, ఏడున్నర. కొత్తవారు గంట ఆలస్యంగా వెళ్లడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. అందుకే దీనిని మొదటి వారాలలోనే నేర్పాలని మా అభిప్రాయం. ‘ఫిర్టెల్ ఫోర్ అఖ్ట్’ మాత్రం అచ్చంగా మన ‘పావు తక్కువ ఎనిమిది’. ‘ఫిర్టెల్ నాఖ్ జీబెన్’ అంటే ఏడుంబావు. అరగంటకు అటూ ఇటూ ఉన్న నిమిషాలను ఆ అరగంట నుంచే లెక్కిస్తారు: ‘ఫ్యున్ఫ్ నాఖ్ హల్ప్ అఖ్ట్’ అంటే 7:35. తూర్పు జర్మనీలోనూ, దక్షిణాన కొన్ని ప్రాంతాలలోనూ ఇదే తర్కాన్ని ఇంకా ముందుకు తీసుకువెళ్లి, 7:15ని ‘ఫిర్టెల్ అఖ్ట్’ అనీ, 7:45ని ‘డ్రై ఫిర్టెల్ అఖ్ట్’ అనీ అంటారు.

రైల్వే ప్రకటనలలో ఈ గొడవ ఉండదు. అక్కడ ఇరవై నాలుగు గంటల లెక్కే వాడతారు, సాయంత్రం 5:45ను ‘జీప్‌ట్సేన్ ఊర్ ఫ్యున్ఫ్ ఉంట్ ఫిర్‌ట్సిష్’ అంటారు. మీకు అనుమానం వచ్చినప్పుడు విన్నదానిని ఈ లెక్కలోకి మార్చి తిరిగి అడగడమే క్షేమం. డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో జరిగే సంభాషణ చూడండి:

– ఇష్ మ్యోష్టె ఐనెన్ టెర్మీన్ ఫెరైన్‌బారెన్. (నాకు అపాయింట్‌మెంట్ కావాలండి.)
– పస్ట్ ఈనెన్ డీన్స్‌టాక్ ఉమ్ హల్ప్ నోయిన్? (మంగళవారం ఎనిమిదిన్నరకు మీకు వీలవుతుందా?)
– అల్జో ఉమ్ అఖ్ట్ ఊర్ డ్రైసిష్, రిష్టిష్? (అంటే 8:30కే కదండీ?)
– గెనావ్. (అంతేనండి.)

కచ్చితమైన గంటకు ముందు ‘ఉమ్’ వస్తుంది. సుమారుగా చెప్పాలంటే ‘గేగెన్’ వాడాలి. ‘డీన్స్‌టాక్’ మంగళవారం, ‘డొనెర్స్‌టాక్’ గురువారం. తొందరలో ఇవి తారుమారయ్యే ప్రమాదముంది కనుక తేదీని కూడా అడగండి. ‘మోర్గెన్’ అనే మాటకు ఉదయమనీ, రేపనీ రెండర్థాలున్నాయి; రేపు ఉదయం అనడానికి ‘మోర్గెన్ ఫ్ర్యూ’ అంటారు.

అభ్యాసం: కింది వాటిని ఎవరిచేతనైనా చదివించుకుని, విన్నది విన్నట్టుగా అంకెలలో రాయండి. జవాబులు ఐదవ పాఠం మొదట్లో ఇస్తాము. ఆ పాఠంలో టెర్మీన్‌ను వాయిదా వేసుకోవడం, రద్దు చేసుకోవడం నేర్చుకుందాము.

అఖ్ట్ ఉంట్ జెష్‌ట్సిష్. జెక్స్ ఉంట్ అఖ్ట్‌సిష్. హల్ప్ ఐన్స్. ఫ్యున్ఫ్ ఫోర్ హల్ప్ ట్సేన్. డ్రై ఫిర్టెల్ జెక్స్.