డగ్లస్ ఆత్మకథ మీద జవాబు రాసేటప్పుడు

ఒంగోల్లో డిగ్రీ పిల్లలకి ఇంగ్లిష్ చెప్తాను. అమెరికాలో బానిసగా పుట్టి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో అచ్చేసిన ఆత్మకథ మీద ప్రశ్న ఇస్తే చాలామంది "మతంలోని వేషధారణను ఎండగట్టాడు" అని మొదలుపెడతారు. నేను దాన్ని కొట్టేస్తాను. ఎలా ఎండగట్టాడో చూపిస్తేనే మార్కులు.

తొమ్మిదో అధ్యాయం తీయండి. భక్తి మాటల కింద నీలం గీత, దెబ్బలు, ఆకలి కింద ఎర్ర గీత గీయండి. రెండు రంగులూ కలిసిన చోటే మీరు రాయాల్సింది.

1832 ఆగస్టులో యజమాని థామస్ ఆల్డ్ మెథడిస్టు కూటాలకు వెళ్లి భక్తిలో పడతాడు. ఇక బానిసల్ని వదిలేస్తాడేమో, కనీసం దయగానైనా చూస్తాడేమో అని డగ్లస్ ఆశపడతాడు. ముందు ఆశ చెప్పి, ఆ వెంటనే అది అడియాసైందని చెప్పడం చూడండి. పాస్టర్లు ఆ ఇంట్లో దిగడానికి ఇష్టపడేవాళ్లట, మా కడుపులు మాడ్చి వాళ్లని మేపేవాడు కాబట్టి అంటాడు. ఒక్క వాక్యంలో రెండు కంచాలు!

తర్వాత కుంటి అమ్మాయి ఘట్టం. ఆమెను కట్టేసి, రక్తం కారేలా కొరడాతో కొట్టి, సమర్థనగా ఆల్డ్ బైబిల్లోని లూకా 12:47 చదువుతాడు, యజమాని ఇష్టం తెలిసీ చేయని దాసుడికి శిక్ష అన్న వచనం. సండే స్కూలుకి వెళ్లిన పిల్లలు ఇక్కడ ఠక్కున అందుకుంటారు: "అనేకమైన దెబ్బలు తగులును." డగ్లస్ ఆ వచనం మీద వాదన పెట్టుకోడు. ఆమెను నాలుగైదు గంటలు అలాగే కట్టి ఉంచేవాడని చెప్తాడు. పొద్దున టిఫినుకి ముందు కొట్టి, షాపుకెళ్లి, మధ్యాహ్నం వచ్చి ఆ పచ్చి పుండ్ల మీదే మళ్లీ కొట్టేవాడట. ఈ టైమింగుల మీద ఒక పేరా రాయండి.

పదో అధ్యాయంలో బానిసల్ని కొట్టి లొంగదీసే కోవీ గురించి క్లుప్తంగా చాలు. "మనిషి బానిస ఎలా అయ్యాడో చూశారు" అన్న వాక్యం అందరూ రాసేదే, నాకు విసుగొచ్చింది.

గుండ్లకమ్మలో 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతం మాది. అందుకే "మా మతాన్నే అంటున్నాడా మేడం?" అని టెన్షన్ పడతారు. పుస్తకం చివర ఉన్న అనుబంధం చదవమంటాను. క్రీస్తు మతం వేరు, బానిసల్ని కొట్టే అమెరికా దేశపు మతం వేరు అని అక్కడ తేల్చేస్తాడు. పైకి భక్తి నటించే పరిసయ్యుల్ని యేసు తిట్టిన మత్తయి 23నే యజమానుల మీదికి, వాళ్లతో చేతులు కలిపిన ఉత్తరాది, దక్షిణాది చర్చిల మీదికి తిప్పుతాడు. అది క్షమాపణ అని మాత్రం రాయకండి. ఆ వెంటనే అమెరికా దక్షిణాది చర్చి కీర్తనకు పేరడీ కూడా అచ్చేశాడు.