ప్రింటర్ కార్ట్రిడ్జ్‌లో ఇంక్ నింపే ముందు

చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఇంక్ సీసా కొనేటప్పుడే కార్ట్రిడ్జ్ నంబరు చూపించండి. డై ఇంక్ (రంగు పూర్తిగా కరిగి ఉండేది) వాడే దాంట్లో పిగ్మెంట్ ఇంక్ (సన్నని రంగు పొడి కలిసి ఉండేది) పోస్తే, ఇంక్ చిమ్మే సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి.

పూర్తిగా ఎండిపోయేదాకా ఆగకండి. వేడితో ఇంక్ చిమ్మే రకాల్లో, ఇంక్ లేకుండా ప్రింట్ తీస్తే హెడ్ (ఇంక్ చిమ్మే భాగం) కాలిపోతుంది. ఆ తర్వాత ఎంత నింపినా వృథాయే.

కింద పాత పేపర్లు, చేతులకు గ్లౌజులు. పిల్లలు దూరంగా ఉండాలి.

మూడు రంగుల కార్ట్రిడ్జ్ అయితే, పైన లేబుల్ తీసి ఒక్కో రంధ్రంలో ఒక్కో టూత్‌పిక్ ముంచండి. ఏది ఏ రంగో తెల్ల కాగితంపై గీసి చూసుకోండి. ఇది మాత్రం దయచేసి మానకండి. రంగులు కలిస్తే విడదీయలేం.

సిరంజిని మెల్లగా నొక్కండి, లోపలి స్పాంజి పీల్చుకోవాలి. అంచున ఇంక్ కనబడగానే ఆపి, కాస్త వెనక్కి లాగండి. ప్రింటర్‌కు తగిలే రాగి రంగు కాంటాక్టులను వేలితో తాకకండి.