యుద్ధ నియమాలు చదవడం నేర్చుకుందాం – నాలుగో పాఠం: ముట్టడిలో చిక్కిన ఊరు

గత పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. సెలవు మీద ఇంటికి వచ్చిన సైనికుడు యూనిఫాం విప్పేసి, తుపాకీ లేకుండా, పిల్లవాడి చేయి పట్టుకుని బజారులో కూరగాయలు కొంటున్నాడు. అతను పౌరుడా, సైనికుడా? వెంటనే తోచే జవాబు "పౌరుడు". చట్టం మాత్రం అతన్ని సైనికుడిగానే లెక్కిస్తుంది. గాయపడి పోరాడలేని స్థితికి వస్తేనో, లొంగిపోతేనో, బందీగా చిక్కితేనో అతని మీద దాడి చేయకూడదు. అంతవరకు సెలవులో ఉన్నా అతను సైనికుడే. కానీ అతని చేయి పట్టుకున్న పిల్లవాడు పౌరుడు, తక్కెడ పట్టుకున్న ఆమె పౌరురాలు. ఆ ఒక్కడి కోసం ఆ బజారు మీద ఫిరంగి గుండు వేయవచ్చా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. ఈ రెంటినీ కలిపేయకుండా విడివిడిగా అడగడం వచ్చిందంటే ఈ పాఠంలో సగం పని అయినట్టే.

ఈసారి నేర్చుకునేది ముట్టడి వార్తను చదివే పద్ధతి. ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న వేయాలో చూద్దాం. పెన్సిలు, కాగితం దగ్గర పెట్టుకోండి. చివర మీరు రాయవలసింది ఉంది.

ముట్టడి నేరమా?

కాదు. శత్రు సైన్యం ఉన్న ఊరిని చుట్టుముట్టి, ఆ సైన్యానికి ఆయుధాలు, కొత్త బలగాలు అందకుండా దారులు మూసేయడం నేటికీ చట్టబద్ధమే. కాబట్టి "ముట్టడి" అన్న మాట కనబడగానే తీర్పు రాసేయకండి. ముట్టడిలో ఏం చేశారన్నదే అడగాలి.

ఆ "ఏం చేశారు" మీద పట్టింపు చాలా ఆలస్యంగా వచ్చింది. మనుస్మృతి ఏడో అధ్యాయం రాజుకు సూటిగా చెబుతుంది: శత్రువును చుట్టుముట్టి కూర్చుని అతని మేత, అన్నం, నీరు, వంటచెరకు ఎడతెగకుండా పాడుచేయాలి, చెరువులు తెగగొట్టాలి. కోటలో రాజు తింటున్నాడా, కుమ్మరి తింటున్నాడా అన్న తేడా అక్కడ లేదు. 1863లో, అంతర్యుద్ధం మధ్యలో, అమెరికా తన సైన్యం కోసం రాసుకున్న లీబర్ కోడ్‌లోనూ అదే ధోరణి. సాయుధుడైనా నిరాయుధుడైనా శత్రువును ఆకలితో మాడ్చవచ్చు. కోటలోని సేనాని తిండి పొదుపు కోసం సామాన్యులను బయటికి తోలితే, లొంగుబాటు త్వరగా రావడానికి వారిని తిరిగి లోపలికే తరమవచ్చు.

ఈ చివరి నిబంధన ఎంత దూరం వెళ్లిందో రెండో ప్రపంచ యుద్ధంలో, సోవియట్ నగరమైన లెనిన్‌గ్రాడ్‌లో చూస్తాం. జర్మన్ సైన్యం ఆ నగరాన్ని 1941 సెప్టెంబరు 8 నుంచి 1944 జనవరి 27 వరకు, 872 రోజులు బిగించి పట్టుకుంది. మొదటి శీతాకాలంలో, నవంబరు 20 నుంచి డిసెంబరు 25 వరకు, పిల్లలకూ ఇతరుల మీద ఆధారపడినవారికీ రోజుకు దక్కిన రొట్టె 125 గ్రాములు. అరచేతిలో పట్టే ముక్క. అందులోనూ అంతా పిండి కాదు. యుద్ధం ముగిశాక నూరెంబర్గ్‌లో అమెరికా సైనిక న్యాయస్థానం ఆ ముట్టడి మొదట్లో జర్మన్ సేనలను నడిపిన ఫీల్డ్ మార్షల్ ఫాన్ లేబ్‌ను విచారించింది. నగరం విడిచి పారిపోవాలని చూసే పౌరుల మీద ఫిరంగులు పేల్చి వెనక్కి తరమాలన్న ఉత్తర్వు కూడా ఆ విచారణలో ముందుకు వచ్చింది. 1948లో న్యాయమూర్తులు దాన్ని నేరంగా తేల్చలేకపోయారు. చట్టం వేరుగా ఉంటే బాగుండునని మాకూ ఉంది, కానీ ఉన్న చట్టాన్నే అమలు చేయాలి అన్న అర్థం వచ్చేలా రాశారు.

ఈ తీర్పును ఎప్పుడు చదివినా నాకు ఆ 125 గ్రాములే కళ్ల ముందుకు వస్తాయి. ఆ తర్వాత చట్టం మారింది. యుద్ధంలో పౌరుల రక్షణ కోసం దేశాలు చేసుకున్న 1949 నాలుగో జెనీవా ఒప్పందం ఒక అడుగు వేసింది. జెనీవా ఒప్పందాలకు తర్వాత చేర్చిన 1977 మొదటి అదనపు ప్రోటోకాల్ 54వ అధికరణం అసలు మాట చెప్పింది: పౌరులను ఆకలికి గురిచేయడం యుద్ధ పద్ధతిగా నిషిద్ధం. ఆహారం, పంటలు, పశువులు, తాగునీటి ఏర్పాట్లు, సాగునీటి పనులు వంటి బతకడానికి తప్పనిసరైన వాటిని, వాటి మీద ఆధారపడిన పౌరులకు దక్కకుండా చేయాలని నాశనం చేయకూడదు. మనుస్మృతి జాబితాతో పోల్చి చూడండి. అక్కడ పాడుచేయమన్న అన్నం, నీళ్లు, చెరువులే ఇక్కడ ముట్టుకోవద్దన్న జాబితాలోకి వచ్చాయి.

ఒకే పేట, ఆరు వారాల తేడాలో రెండు దాడులు

ఇప్పుడు సారయేవో. బోస్నియా రాజధాని. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి 29 వరకు, 1,425 రోజులు ముట్టడిలో ఉంది. చుట్టూ కొండలు, కొండల మీద బోస్నియా సెర్బు సైన్యం ఫిరంగులు, కింద గిన్నెలో ఉన్నట్టు నగరం. విమానాశ్రయం పక్కన దొబ్రీన్యా అనే అపార్ట్‌మెంట్ల పేట ఉంది. మన ఉదాహరణలు రెండూ అక్కడివే.

1993 జూన్ 1, పండగ రోజు. కుర్రాళ్లు ఫుట్‌బాల్ పోటీ పెట్టుకున్నారు. మైదానానికి వెళితే ప్రమాదమని మూడు వైపులా ఆరంతస్తుల భవనాలు అడ్డున్న ఒక పార్కింగ్ స్థలాన్ని వెతుక్కున్నారు. దాదాపు 200 మంది చూడటానికి వచ్చారు, పిల్లలు చాలామంది. ఉదయం పూట రెండు మోర్టారు గుండ్లు వెంటవెంటనే వచ్చి పడ్డాయి. పది మందికి పైగా చనిపోయారు, సుమారు నూరు మంది గాయపడ్డారు.

జూలై 12. కరెంటు లేదు, కుళాయిల్లో నీళ్లు లేవు. ఒక ఇంటి ముంగిట్లో అందరూ వాడుకునే చేతి పంపు ఉంది. ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకుని దాదాపు నూరు మంది వరుసలో నిలబడ్డారు. మన ఊళ్లలో మంచినీళ్ల ట్యాంకరు దగ్గర వేసవిలో కనిపించే వరుస లాంటిదే. ఒక 82 మిల్లీమీటర్ల మోర్టారు గుండు ఆ ముంగిట్లో పడింది. 13 మంది చనిపోయారు, 14 మంది గాయపడ్డారు.

కాగితం మీద రెండు నిలువు వరుసలు గీయండి. మొదటి ప్రశ్న: అక్కడ ఎవరున్నారు? నీళ్ల వరుసకు జవాబు తేలిక, పౌరులు. ఫుట్‌బాల్ దగ్గర మాత్రం సెలవులో ఉన్న సైనికులు కూడా చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు. గత పాఠం నుంచి మీకు తెలుసు, వాళ్లు సైనికులే. మరి దాడి చేసినవారు నిర్దోషులా?

ఇక్కడ రెండో ప్రశ్న రావాలి: ఆశించిన సైనిక ప్రయోజనం ఎంత, పౌరులకు జరగబోయే హాని ఎంత? దీన్ని దామాషా సూత్రం అంటారు. స్పష్టంగా, నేరుగా దక్కే సైనిక ప్రయోజనంతో పోలిస్తే పౌర నష్టం మితిమీరుతుందని ముందే తెలుస్తుంటే దాడి చేయకూడదు. బోస్నియా ఒకప్పుడు భాగమైన మాజీ యుగోస్లావియాలోని యుద్ధ నేరాల విచారణ కోసం హేగ్‌లో పెట్టిన అంతర్జాతీయ న్యాయస్థానం ఈ రెండు ఘటనలనూ సారయేవోను ముట్టడించిన సెర్బు సేనల సేనాని జనరల్ స్తానిస్లావ్ గాలిచ్ కేసులో పరిశీలించింది. పోటీ దగ్గర సైనికుల సంఖ్య గణనీయమే అయినా, పిల్లలతో సహా 200 మంది ఉన్న గుంపు మీద దాడి స్పష్టంగా మితిమీరినదే అంది. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయి ఉంటే ఈ జవాబు మీకు దొరికేది కాదు. లెక్క వేయవలసింది గుండు పేల్చక ముందు తెలిసిన దాన్ని బట్టే, తర్వాత లెక్కించిన శవాలను బట్టి కాదన్నది కూడా పక్కన రాసుకోండి. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తడబడేది అక్కడే.

నీళ్ల వరుస మీద రెండో ప్రశ్న అవసరమే లేదు. పౌరులనే గురి చూసి కొడితే తూకం వేసేదేమీ ఉండదు.

ఇలాంటివి ఒకటి కాదు, నెలల తరబడి వందల కొద్దీ జరిగితే మూడో ప్రశ్న పుడుతుంది: ప్రజలను భయభ్రాంతులను చేయడమే వీటి ముఖ్య ఉద్దేశమా? నీళ్లకు, రొట్టెకు, ట్రాముకు, అంత్యక్రియలకు, ఎక్కడికి వెళ్లినా చావు పొంచి ఉండేలా చేయడం దానంతటదే వేరే నేరం. గాలిచ్ మీద ఆ నేరం రుజువైంది. ఒక అంతర్జాతీయ న్యాయస్థానం ఆ నేరానికి శిక్ష వేయడం అదే మొదలు. 2003లో 20 ఏళ్ల శిక్ష వేశారు. 2006 నవంబరులో అప్పీలు ధర్మాసనం దాన్ని యావజ్జీవంగా మార్చింది.

తిండి, నీళ్లు లోపలికి

నాలుగో ప్రశ్న: లోపలివారికి బతకడానికి అవసరమైన వస్తువులు చేరుతున్నాయా, చేరకపోతే ఆపుతున్నది ఎవరు?

ముట్టడించేవారి వాదన ఎప్పుడూ ఒకటే. "పిండి పంపితే సైనికులు తింటారు." అది అబద్ధం కానక్కరలేదు, తింటారు. అందుకు చట్టం చెప్పే జవాబును నెమ్మదిగా చదవండి. సైనికుల కోసమే ఉన్న తిండిని నాశనం చేయవచ్చు. కానీ ఇద్దరూ వాడుకునేదైతే, పౌరులకు తిండో నీళ్లో చాలక మాడిపోయేలా లేదా ఊరు వదలక తప్పనిసరయ్యేలా ఏ చర్యా తీసుకోకూడదు. సాయం తెచ్చే వాహనాలను తనిఖీ చేయవచ్చు, దారి, వేళ నిర్ణయించవచ్చు. తనిఖీ పేరుతో వారాల తరబడి నిలబెట్టి సరుకు కుళ్లబెట్టడం మాత్రం తనిఖీ కాదు.

"ఆకలి మా ఉద్దేశం కాదు, సైన్యాన్ని లొంగదీయడమే మా ఉద్దేశం" అంటే ఏమిటి? న్యాయశాస్త్రవేత్తలలో దీని మీద నిజంగానే భిన్నాభిప్రాయాలున్నాయి. నా మటుకు నాకు, లోపల పిల్లలు ఎండిపోతున్నారని రోజూ నివేదికలు అందుతున్నా దారి తెరవని సేనాని తన ఉద్దేశం వేరని చెప్పుకోవడం నిలబడదు. 2018 మే 24న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2417వ తీర్మానంలో ఆకలిని యుద్ధ పద్ధతిగా వాడటాన్ని ఏకగ్రీవంగా ఖండించింది. 2019లో, అంతర్జాతీయ నేర న్యాయస్థానాన్ని ఏర్పరచిన ఒప్పందమైన రోమ్ శాసనాన్ని సవరించి, అంతర్యుద్ధాల్లోనూ దీన్ని యుద్ధ నేరంగా చేర్చారు. ఆ సవరణ దాన్ని ఆమోదించిన దేశాలకే వర్తిస్తుంది.

భారతదేశం సంగతి తెలిసి ఉండాలి. 1949 జెనీవా ఒప్పందాల్లో మనం ఉన్నాం, వాటి కోసం 1960లో చట్టం కూడా చేసుకున్నాం. 1977 ప్రోటోకాళ్లలో, రోమ్ శాసనంలో చేరలేదు. అయినా ఆకలి మీద నిషేధం చేరని దేశాలకూ వర్తించే ఆచారసిద్ధ నియమమని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 2005 అధ్యయనం చెబుతుంది.

మనుషులు బయటికి

ఐదో ప్రశ్న: పౌరులు బయటికి వెళ్లగలుగుతున్నారా, వెళ్లలేక మిగిలినవారిని ఎలా చూస్తున్నారు? ఇక్కడ తొందరపడకండి. నాలుగో జెనీవా ఒప్పందం 17వ అధికరణం ప్రకారం గాయపడినవారిని, రోగులను, వృద్ధులను, పిల్లలను, బాలింతలను ముట్టడి నుంచి తరలించడానికి ఇరుపక్షాలూ స్థానికంగా ఒప్పందం చేసుకోవడానికి "ప్రయత్నించాలి". ఆ క్రియాపదం కింద గీత గీయండి. బలహీనమైన మాట అది. కానీ దాని పక్కనే గట్టి నియమం ఒకటి ఉంది. దాడి చేసేవారు, పరిస్థితులు అనుమతించినంత వరకు, పౌరులకు పనికొచ్చే హెచ్చరిక ముందుగా ఇవ్వాలి.

హెచ్చరిక ఇచ్చారనుకుందాం. కరపత్రాలు చల్లారు, 48 గంటలు గడువిచ్చారు. సగం మంది వెళ్లారు. మిగిలినవారు? మంచం పట్టిన తల్లిని వదల్లేని కొడుకు ఉంటాడు. బస్సు ఎక్కడానికి డబ్బు లేనివాడు, దారిలో తుపాకీ గురిచూసేవాడి భయంతో కదలనివాడు, "ఇది నా ఇల్లు" అని మొండికేసిన ముసలాయన ఉంటారు. గడువు ముగిసిన నిమిషం నుంచి వీరంతా పౌరులు కాకుండా పోతారా? పోరు. ఆయుధం పట్టి పోరాటంలో దిగితే తప్ప వారి రక్షణ పోదు. "హెచ్చరించాం కదా, ఇక మిగిలినవాళ్లంతా శత్రువులే" అన్న వాక్యం ఏ దేశపు ప్రతినిధి నోట విన్నా, మీ కాగితం మీద అక్కడ ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టండి.

తలుపు మూసేది ఎప్పుడూ బయటివారే అనుకోవద్దు. సారయేవోలో నగరం విడిచి వెళ్లడానికి లోపలి ప్రభుత్వమే అనుమతి పత్రాలు కావాలనేది. రాత్రిపూట విమానాశ్రయం రన్‌వే దాటి పారిపోయేవారిని ఐక్యరాజ్యసమితి సైనికులే పట్టుకుని వెనక్కి పంపేవారు. అందుకే 1993 వేసవిలో దొబ్రీన్యా నుంచి రన్‌వే కింద దాదాపు 800 మీటర్ల సొరంగం తవ్వుకున్నారు. లోపలి సైన్యానికీ బాధ్యత ఉంది. వీలైనంత వరకు తన ఫిరంగులను ఇళ్ల మధ్య, ఆసుపత్రి పెరట్లో పెట్టకూడదు, పౌరులను కవచంగా అడ్డుపెట్టుకోకూడదు. అది ఉల్లంఘిస్తే వారి తప్పు వారిదే. ఆ తప్పు చూపించి బయటివారు తమ దామాషా లెక్క మానుకోవడానికి వీల్లేదు.

అభ్యాసం

ఇది నేను కల్పించినది. నది ఒడ్డున 60,000 మంది ఉన్న పట్టణం, లోపల 900 మంది సైనికులు. ముట్టడి మొదలై 40 రోజులు. చుట్టుముట్టిన సైన్యం పట్టణానికి ఒకే ఒక్క నీటి పంపింగ్ కేంద్రాన్ని కూల్చింది, "దాని పైకప్పు మీద శత్రు పరిశీలకుడు ఉన్నాడు" అంది. రోజుకు రెండు గంటలు ఒక దారి తెరిచి, 15 నుంచి 60 ఏళ్ల మగవారిని మాత్రం రానివ్వడం లేదు. పిండి లారీలు 11 రోజులుగా తనిఖీ కేంద్రం దగ్గర నిలిచి ఉన్నాయి.

ఐదు ప్రశ్నలనూ వరుసగా వేసి, ఒక్కోదానికి మూడు వాక్యాలు మించకుండా రాయండి. పంపింగ్ కేంద్రం దగ్గర రెండు నియమాలు ఒకేసారి పనిచేస్తాయి, రెండూ రాయాలి. మగవారి విషయంలో వయసును బట్టి పౌరుడా కాదా అని తేల్చే నియమం ఉందేమో, సందేహం వచ్చినప్పుడు చట్టం ఎటు మొగ్గమంటుందో రెండో పాఠం తిరగేసి చూడండి. జవాబు చెప్పడానికి వార్తలో లేని వివరం ఏదైనా కావాలనిపిస్తే ఊహించి పూరించకండి. ఆ వివరాన్ని ప్రశ్నగా రాసి, ఎవరిని అడగాలో దాని పక్కన రాయండి. వచ్చే పాఠం ఆ ప్రశ్నలతోనే మొదలవుతుంది.